తలుపు పట్టుకున్న పిల్ల

అక్కని తీసుకెళ్ళిపోయారు. చక్రాల మంచం వరండా మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది, మూడు చక్రాలు బుద్ధిగా, ఒకటి మాత్రం కీచుమంటూ, తర్వాత లిఫ్టు తలుపు మూసుకుంది, ఆ తర్వాత ఏమీ లేదు. ముందు అక్క కిడ్నీ తీస్తారు, అది సవ్యంగా బయటికొచ్చిందని పైనుంచి కబురు రాగానే మిరాన్‌ని తీసుకెళ్తారు, గంటసేపు పట్టొచ్చు, అంతవరకూ కదలకుండా పడుకోమన్నారు. వెళ్తూ వెళ్తూ అక్క అన్న మాట కూడా మిరాన్‌తో కాదు, బావతో. "ముల్లంగి కిమ్చి పచ్చడి జాడీ ఎండలో పెట్టొచ్చాను. మధ్యాహ్నం లోపలికి జరపమని కొట్లో పిల్లకి ఫోన్ చెయ్యి. తర్వాత చేద్దామనుకుంటావు, మర్చిపోతావు, ఇప్పుడే చెయ్యి." మిరాన్ వైపు తిరిగి ఒకసారి గడ్డం ఎగరేసింది, అంతే, బజారుకి వెళ్ళి వస్తానన్నట్టు. ఒంట్లోంచి ఒక అవయవం తీసి చెల్లెలికి ఇవ్వబోతున్న మనిషికి జాడీ మీద ధ్యాస ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు, కానీ గుమ్రాన్ అక్కని ఎరిగినవాళ్ళు అనుకోరు, గున్సాన్ బజారులో ఆమె వండిన కూరలు అమ్మే కొట్టు తెరవని పొద్దు లేదు, పెళ్ళయిన మర్నాడు కూడా.

బావ ఫోన్ చేసి వచ్చి, తోడుండేవాళ్ళ కోసం వేసిన పొట్టి బల్ల మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. సైకిళ్ళు బాగుచేసి బతికిన చేతులు, ఇప్పుడు బాగుచెయ్యడానికి ఏమీ లేక ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కిటికీలోంచి ఆసుపత్రి ఉన్న జొంజు ఊరి కొండలు, ఆకులు రాలిపోయి గోధుమ రంగులో, వాటి మీద తెల్లటి పొగమంచు. మిరాన్‌కి దాహంగా ఉంది. ఆపరేషన్ కాబట్టి రాత్రి నుంచి నీళ్ళివ్వలేదు, అయినా దాహం ఆమెకి కొత్త కాదు, డయాలసిస్ మొదలైననాటి నుంచి రోజుకి రెండు చిన్న గ్లాసులు, ఎండాకాలంలో ఒక మంచుముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకోవడం, చారు గిన్నె ముందు పెట్టుకుని అందులో మొలకలు మాత్రం ఏరుకుని తినడం. ఇలాంటి గంటలో అమ్మ గుర్తొస్తుందనుకుంది. భయం వేస్తుందనుకుంది. రెండూ రాలేదు. వచ్చినవి వేరే, ఎవరో పేరు తెలియని మనుషుల మాటలు, తన పుస్తకం చదివి పుస్తకాల సైట్లలో రాసినవి, ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు చదివిందో అవి కంఠతా వచ్చేశాయి, ఇప్పుడు ఒకటి వెనక ఒకటి వరసగా వచ్చి మంచం చుట్టూ నిలబడుతున్నాయి, పలకరించడానికి వచ్చిన చుట్టాల్లాగా.

మొదటి వంద పేజీల్లో ఎక్కడా దొంగతనం లేదు, దొంగల నవల అన్నారు కదా అని కొన్నాను. కాలంలో వెనక్కి వెళ్ళే పద్ధతి ముందొకటి చెప్పి తర్వాత ఇంకొకటి చేశారు. మా తమ్ముడు పుస్తకం ముట్టని వాడు, ఇది చదువుతూ బస్సు దిగడం మర్చిపోయాడు. పొట్లం బాగా కట్టారు, తొందరగా వచ్చింది, ఐదు స్టార్లు, పుస్తకం ఇంకా తెరవలేదు. ఈ ఆఖరి మాట చదివిన రోజు మిరాన్ ఎంత నవ్విందో, గొంతు ఎండిపోయి ఆ రోజు మంచుముక్క వాటా ముందే వాడేసుకుంది. ఒక బడి పంతులమ్మ రాసింది, మా క్లాసులో ఎవరికీ ఆ ఐదుగురు దొంగల పేర్లు గుర్తులేవు, సోరి పేరు తప్ప, సోరిని అక్కడ వదిలేసి వచ్చినందుకు పిల్లలందరూ రచయిత మీద కోపంగా ఉన్నారు, దయచేసి రెండో భాగం రాయండి. ఇంకొకరెవరో ఒకే ఒక్క వాక్యం, ఇది చదివాక మా అమ్మమ్మకి ఫోన్ చేశాను. అంతే, ఎందుకు చేశారో, అమ్మమ్మ ఏమందో లేదు. ఆ వాక్యాన్ని మిరాన్ డయాలసిస్ మంచం మీద ఎన్ని మధ్యాహ్నాలు తలుచుకుందో.

"ఇత్తడి గిన్నెల దొంగలు" అని పేరు. హన్ నోల్ అనే కలంపేరుతో రాసింది. గున్సాన్ రేవులో పాత బియ్యం గోదాము, దాని వెనక తలుపులోంచి వెళ్తే జపాన్ వాళ్ళ పాలన ఆఖరి రోజులు, యుద్ధానికి తూటాలు కావాలని ఇంటింటికీ తిరిగి గిన్నెలు, చెంచాలు, ఆఖరికి పూర్వీకులకి అన్నం పెట్టే గిన్నెలు కూడా గుంజుకుపోయి అక్కడ గుట్టలు పోసిన రోజులు. ఓడ వచ్చేలోపు ఆ గిన్నెల్ని దొంగిలించి ఎవరివి వాళ్ళ ఇళ్ళకి చేర్చాలని ఈ కాలం పిల్లలు ఐదుగురు బయల్దేరతారు. వస్తువులు రావచ్చు, వెళ్ళినవాళ్ళు రావచ్చు, కానీ అవతల నుంచి పట్టి ఉంచకపోతే తలుపు మూసుకుపోతుంది. ఆఖర్లో ఆ ఐదుగురిలో ఒకతె, సోరి, పట్టుకుంటుంది. ఆమె చెల్లెలు చేతిబండి తోసుకుంటూ ఇవతలికి వస్తుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, తలుపు మూసుకుంటుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది. రాస్తున్నప్పుడు మిరాన్ ఏడ్చింది, చాలా గొప్పగా రాశాననుకుంది కూడా.

అక్క ఆ పుస్తకాన్ని కొట్లో పెట్టి అమ్మింది. తీపి సోయాలో ఉడికించిన తామరదుంపలకీ ఎండుచేపల వేపుడుకీ మధ్య, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, నూనె చేతులతో ముట్టుకోవద్దని రాసి మరీ. కూర కొనడానికొచ్చిన వాళ్ళు తప్పించుకోలేకపోయేవాళ్ళు. "మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలున్నారు కదూ, తీసుకెళ్ళండి, నచ్చకపోతే వెనక్కిచ్చి పులుసు పట్టుకెళ్ళండి." వారానికి మూడు రోజులు డయాలసిస్ అయ్యాక మిరాన్ నడవలేక కొట్టు వెనక గదిలో నడుం వాల్చేది, అక్క పాలకూర నీళ్ళు పిండుతూ ఆ వారం అభిప్రాయాలన్నీ ఒప్పజెప్పేది. చేపలమ్మే ఆవిడ సగందాకా చదివి దొంగలు దొరికిపోతారేమోనని భయమేసి ఆపేసిందట. బియ్యం కొట్టు ఆయనకి సోరి తన చిన్నప్పటి స్నేహితురాల్లా అనిపించిందట. మందుల షాపు అమ్మాయి ఇందులో ముద్దులేవీ లేవేమని అడిగిందట. అందరి మాటా చెప్పేది, గొంతులు కూడా అనుకరించేది. తన మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మిరాన్ అడగనూ లేదు. అక్క చదివిందా? పుస్తకం వచ్చిన రోజు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "బరువుగా ఉందే" అంది, ఆ మాట తప్ప ఇంకేమీ గుర్తులేదు.

బయట వరండాలో ఎవరి మంచమో వెళ్ళింది, ఆ చక్రాలు కీచుమనలేదు. బావ తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. గున్సాన్ డయాలసిస్ గదిలో ఈ పాటికి పొద్దుటి వాళ్ళకి సూదులు గుచ్చడం అయిపోయి ఉంటుంది. కిటికీ పక్క మంచం కెప్టెన్ తాక్‌ది, దీవులకి పడవ నడిపి రిటైరైన మనిషి, చక్కెర జబ్బు కళ్ళు తినేసింది, అక్షరాలు కనపడవు. ఆ పక్కది దాసొల్‌ది. పదిహేడేళ్ళ పిల్ల, పుట్టుకతో వచ్చిన లోపం, బడికన్నా ఆ గదిలోనే ఎక్కువ పెరిగింది. దాని పక్కది మిరాన్‌ది. ఒక చెయ్యి సూదులతో కట్టేసి ఉంటుంది కనుక ఒంటి చేత్తో ఏం చెయ్యగలిగితే అదే చెయ్యాలి, దాసొల్ చదివేది, చదివినవన్నీ తిట్టేది. ఒక రోజు బడి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుంటే మిరాన్ అట్ట చూసి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఇది మన గున్సాన్ కథే తాతయ్యా," అంది దాసొల్, "నేనొకసారి చదివేశాను. ఒక్క స్టారు ఇచ్చాను."

"ఒక్క స్టారు ఇచ్చినదాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చుకున్నావమ్మా?"

"ఎక్కడెక్కడ చెత్తగా ఉందో మీకు చూపించడానికి."

అలా మొదలైంది. వారానికి మూడు రోజులు, యంత్రాలు రక్తాన్ని తిప్పి తిప్పి కడుగుతుంటే, ఆ పిల్ల గొంతులో మిరాన్ తన పుస్తకం మొత్తం విన్నది. రాసేటప్పుడు వినిపించని తప్పులన్నీ వినిపించాయి. ఒకే పేజీలో మూడుసార్లు చంద్రుడు మబ్బు చాటుకి పోయాడు. దాసొల్ ప్రతిసారీ ఆగి, "మళ్ళీ పోయాడు" అనేది. కానీ గోదాములో కాపలావాడు లేచే ఘట్టంలో ఆ పిల్ల గొంతు తనకి తెలియకుండానే తగ్గిపోయింది, గది అంతా ఊపిరి బిగబట్టింది, రక్తపోటు చూడటానికి వచ్చిన నర్సు బాంగ్ పట్టీ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. చివరికి కెప్టెన్ తాక్ గట్టిగా నిట్టూర్చి, "అంతా బావుంది కానీ, ఇన్ని గిన్నెలు దొంగిలించారు, ఒక్క గిన్నెలోనైనా అన్నం పెట్టుకుని తినలేదే వీళ్ళు," అన్నాడు. "మా అమ్మ తన గిన్నెని బూడిద గుంటలో పాతిపెట్టి దాచిందట. యుద్ధం అయ్యాక తవ్వి తీసి, కడగకముందే అందులో ఏం వండి వడ్డించాలా అని ఆలోచించిందట. గిన్నె అంటే అదీ." ఆ మాట మిరాన్ మనసులో ఎక్కడో పడి ఇంకా చల్లారలేదు. ఎంత వేడి మాట. చదివినవాళ్ళు తనకి ఇలాంటివి ఎన్ని ఇచ్చారు, తను ఇచ్చింది ఒక్క కథే కదా, వాళ్ళు దాని బదులు వాళ్ళ అమ్మల్నీ గిన్నెల్నీ బస్సు స్టాపుల్నీ తెచ్చి తన దోసిట్లో పోశారు.

దాసొల్‌కి తెలిసిపోయిన రోజు ఎండగా ఉంది. ఐదుగురూ గిన్నెల బండ్లు తోసుకుంటూ సముద్రపు ఒడ్డున పోతున్న ఘట్టం, కెప్టెన్ రెండోసారి చదివించుకుంటున్నాడు, పిల్ల ఒంటి చేత్తో పేజీ తిప్పబోతే పుస్తకం జారి మంచం కింద పడింది. వంగడానికి లేదు, నర్సు అవతలి గదిలో ఉంది. "తర్వాతేమైంది?" అన్నాడు ముసలాయన. మిరాన్ కళ్ళు మూసుకుని ఉంది, సగం నిద్ర, నోరు దానంతటదే తెరుచుకుంది. "సముద్రం వెనక్కి పోయినచోట బురద మెరుస్తోంది. ఆ మెరుపులోకి మొదటి బండి మెల్లగా దిగబడింది." చెప్పాక మెలకువ వచ్చింది. దాసొల్ తల ఇటు తిప్పింది.

"మీరు కూడా రెండుసార్లు చదివారా పిన్నీ?"

"నేను చదివినదానికి లెక్కలేదు."

"హన్ నోల్ అంటే మీరా?"

అబద్ధం చెప్పడానికి తగినంత ఓపిక లేదు. తలూపింది. పిల్ల మొహం ఎర్రబడుతుందేమో, క్షమించమంటుందేమో అనుకుంది. దాసొల్ కనుబొమలు ముడిచింది.

"అయితే చెప్పండి. తలుపుకి రాయి అడ్డం పెట్టొచ్చుగా?"

"ఏమిటి?"

"తలుపు మూసుకోకుండా ఒక పెద్ద రాయి పెట్టొచ్చుగా. మనిషి చెయ్యే కావాలని పుస్తకంలో ఎక్కడుంది? నేను రెండుసార్లు వెతికాను, లేదు. బుర్ర ఉన్న దొంగలెవరైనా రాయి పెడతారు. మీరు సోరిని నిలబెట్టారు, మేం ఏడుస్తామని."

"నాకు తట్టలేదు," అంది మిరాన్ నిజంగానే. కెప్టెన్ తాక్ నవ్విన నవ్వుకి ఆయన యంత్రం గంట కొట్టింది, నర్సు బాంగ్ పరుగెత్తుకొచ్చి అందర్నీ కలిపి చివాట్లు పెట్టింది.

రాయి ఎందుకు తట్టలేదు. ఆ రాత్రి నుంచి ఈ పొద్దుటిదాకా అదే ప్రశ్న. తలుపు అంటే పక్కన ఒక పెద్ద పిల్ల పట్టుకుని నిలబడి ఉంటుందని మిరాన్ చిన్నప్పుడే నేర్చుకుంది, అందుకే తట్టలేదు. ఊళ్ళో పిల్లల లైబ్రరీ తలుపు, బరువైన కర్ర తలుపు, చలికాలంలో బిగుసుకుపోయేది. అమ్మ పోయాక అక్క చదువు మానేసి రేవులో చేపలు ఎండబెట్టే పనికి వెళ్ళేది, ఆకులా పల్చగా ఉండే చేపల్ని తాడుకి వరసగా గుచ్చే పని, పని అయ్యాక మిరాన్‌ని ఇంటికి తీసుకెళ్ళడానికి లైబ్రరీకి వచ్చేది, ఎప్పుడూ లోపలికి రాలేదు. తలుపు కొంచెం తెరిచి పట్టుకుని, "ఏమే, పోదామా" అనేది. మిరాన్ తల ఎత్తకుండానే, "ఇంకొక్క పేజీ అక్కా" అనేది. ఒక్క పేజీ పది పేజీలయ్యేది, బయట చీకటి పడేది, అక్క అక్కడే నిలబడేది, ఒంటి మీద చేపల వాసన ఉంటుంది కనుక, లోపల పిల్లలు ముక్కు మూసుకుంటారు కనుక. ఆ మాట అక్క ఎప్పుడూ అనలేదు, మిరాన్‌కే తెలిసింది, ఆ వయసులోనే తెలిసింది, తెలిసి కూడా ఇంకొక్క పేజీ చదివింది. కోటులో చేతులు దూర్చుకుని, తలుపుకి ఆనించి నిలబడ్డ అక్క భుజం, తలుపు సందులోంచి లోపలికొచ్చే చల్లగాలి, ఆ గాలికి పేజీ అంచు లేచి పడటం. సోరి అక్కడే పుట్టింది. ఆ సంగతి పుస్తకం చదివిన వేలమందిలో ఎవరికీ తెలియదు. అక్కకి తెలుసా? చదివుంటే తెలిసి ఉంటుంది. చదివి, తనని తాను చూసుకుని, నన్ను అవతల వదిలేసి వచ్చావన్న మాట, అనుకుని ఉంటుంది. అందుకే మిరాన్ అడగలేకపోయింది. ఊళ్ళో ఒక్కొక్కరి అభిప్రాయం కోసం ప్రాణం పెట్టే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క పాఠకురాలి దగ్గర నోరు కుట్టేసుకుంది.

పరీక్షల్లో అక్క కిడ్నీ సరిపోతుందని తేలిన రోజు కూడా అంతే. మిరాన్ వద్దంది, నీ వయసేమిటి, నీ కొట్టు ఏమిటి, చిన్నప్పటి నుంచి ఇచ్చింది చాలదా అంది. అక్క గుమ్మడి ముక్కలు తరుగుతూ, "నాకు రెండున్నాయి, రెండూ నేనే ఉంచుకుని ఏం చేసుకుంటాను, కూర వండుతానా" అంది. డయాలసిస్ గదికి వచ్చి అందరికీ మీగడలాంటి తెల్లటి అన్నం, ఆ జబ్బుకి పడేలా రెండుసార్లు ఉడికించి నీళ్ళు పారబోసిన కూరలు పెట్టింది. దాసొల్ ఆమెని వదల్లేదు. "పెద్దమ్మా, మీరు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అక్క డబ్బా మూత పెడుతూ, "నాకు టైమెక్కడిదే తల్లీ" అంది. చదవలేదని అనలేదు. ఆ తేడా మిరాన్ అప్పుడే గమనించింది, గమనించి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈ ఆసుపత్రికి వచ్చే ముందు, డయాలసిస్ గదిలో ఆఖరి రోజు, దాసొల్ పుస్తకం తెరవలేదు. ఆ పిల్ల పేరు కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ఉంది, ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు, మిరాన్ పేరు దానికన్నా వెనక. తన అక్క ఉంది కనుక తను ముందు వెళ్తోంది. మిరాన్ సంచీ సర్దుకుంటుంటే పిల్లే అంది, "పిన్నీ, మీకు కిడ్నీ వచ్చిందని స్టార్లు పెంచను."

"పెంచొద్దు."

"రెండో భాగం రాస్తే చూస్తా."

"రాస్తాను. నీకు ముందు పంపిస్తాను, అచ్చుకాకముందే. తిట్టి పంపించు."

దాసొల్ ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది. మిరాన్ పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి, యంత్రంలోంచి తిరిగొచ్చే రక్తం ఎప్పుడూ కొంచెం చల్లగానే వస్తుంది, ఆ గదిలో అందరి చేతులూ అంతే. "భయంగా ఉందా?" అంది పిల్ల. "ఉంది." "నాకూ మీరంటే భయంగా ఉంది, అంటే మీ గురించి," అని, సరిగ్గా చెప్పలేకపోయినందుకు చిరాకుపడి మొహం తిప్పుకుంది. ఇంతమంది. ఒక్క మనిషి మంచం మీద పడుకుంటే ఇంతమంది నిలబడ్డారు చుట్టూ, తిట్టినవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళు, సగంలో భయపడి ఆపేసినవాళ్ళు, పొట్లం బాగుందన్న మహానుభావుడు. ఎవరికీ ఏ అవసరమూ లేదే, ఎవరో ఒక హన్ నోల్ కోసం వాళ్ళ సాయంత్రాలు ఖర్చుపెట్టి, సోరి అనే పిల్ల నిజంగా లేనే లేదని తెలిసి కూడా దాని కోసం పోట్లాడారు. కృతజ్ఞత అనేది బరువుగా ఉంటుందనుకునేది మిరాన్. ఇవాళ తేలిగ్గా ఉంది, తల్లి వీపున ఉన్న పిల్లకి ఉన్నట్టు.

"బావా."

"ఊఁ."

"అక్క నా పుస్తకం చదివిందా?"

బావ టోపీని ఒకసారి పూర్తిగా తిప్పాడు. మనిషి అసలే మితభాషి, పెళ్ళిలో కూడా మాట్లాడలేదని చెప్పుకుంటారు. "నన్నడుగుతావేం," అన్నాడు చివరికి. "దాన్నే అడగకపోయావా?"

"భయం."

"దానికీ అంతే," అన్నాడు. ఇంకేదో అనబోయాడు, అప్పుడే నర్సు తెర తోసుకుని వచ్చింది. కిడ్నీ చక్కగా వచ్చిందట, అక్క బాగానే ఉందట. బావ లేచి నిలబడి గోడకి తిరిగి టోపీతో మొహం తుడుచుకున్నాడు. మంచం కదిలింది. వరండా పైకప్పులోని దీపాలు ఒక్కొక్కటే మీదుగా పోయాయి, లిఫ్టు, చల్లటి గది, మాస్కుల పైన నవ్వే కళ్ళు, ఎవరో లెక్కపెట్టమన్నారు. లెక్కపెడుతూ మిరాన్, అడుగుతాను, లేవగానే అడుగుతాను, అనుకుంది, ఎక్కడిదాకా లెక్కపెట్టిందో గుర్తులేదు.

లేచేసరికి పొట్ట కుడివైపు మంట, నోరు ఎడారి. గాజు గోడల గదిలో ఒక్కర్తే ఉంది. నర్సు వంగి మంచం పక్కన వేలాడే సంచీని ఎత్తి చూపించింది, లేత పసుపు రంగులో సగానికి పైగా నిండి ఉంది. "మీ అక్కగారి కిడ్నీకి ఓపిక ఎక్కువ, బల్ల మీదే పని మొదలుపెట్టింది." ఇన్నేళ్ళుగా ఆ రంగు చూడని మిరాన్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. కాసిన్ని గంటలు పోయాక నర్సు పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. "తాగండి. ఇకనుంచి ఎంత తాగితే అంత మంచిది." మొదటి గుక్క నోట్లో ఉంచుకుని మింగడానికి మనసు రాలేదు. తర్వాత మింగింది. తర్వాత ఆపలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క వచ్చింది. లోపలికి రానివ్వరు, గాజు గోడ అవతలే నిలబడింది, ఒక చెయ్యి నడుం మీద, సెలైన్ స్టాండు బావ చేతిలో. నర్సు ఒక కుర్చీ వేసి, గోడకున్న ఫోన్ అందించింది. మిరాన్ ఇవతలి ఫోన్ తీసింది. బావున్నావా, నొప్పిగా ఉందా, ఏదీ అడగకముందే నోట్లోంచి వచ్చేసింది.

"అక్కా, నా పుస్తకం ఎలా ఉంది?"

అక్క గాజులోంచి ఆమెని చూసింది. కొట్లో బేరం మొదలుపెట్టే ముందు చూసే చూపు. "మూడుసార్లు చదివాను," అంది. "అడుగుతావేమోనని చూశాను. అడగవే."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఒళ్ళు మండింది. సోరిని తలచుకుని ఊరంతా ఏడుస్తారు, దానికేమన్నా కళ్ళు పోయాయా? లోపల ఏం జరిగిందో పుస్తకం నిండా రాశావు. తలుపు పట్టుకున్నది అటువైపు ఏం చూస్తూ నిలబడిందో ఒక్క ముక్క రాయలేదు."

"నువ్వు... చేపల వాసనని కదా లోపలికి..."

"వాసనొస్తే కడుక్కుంటాను. లైబ్రరీ పెరట్లో కుళాయి లేదా?" అక్క ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "ఎదురుగా సైకిల్ కొట్టు ఉండేది. లోపలికొస్తే కనిపించదు. సగం తెరిచిన తలుపు దగ్గర నిలబడితే నువ్వూ కనిపిస్తావు, ఆ కొట్టూ కనిపిస్తుంది. చెల్లెలి కోసం నిలబడ్డాననుకుని ఎవరూ ఏమీ అనరు. నువ్వు ఇంకొక్క పేజీ అన్నప్పుడల్లా, చదవవే తల్లీ, నిదానంగా చదువు అనుకునేదాన్ని."

గాజు అవతల బావ సెలైన్ స్టాండు చక్రాన్ని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. చెవులు కిమ్చిలో కలిపే కారంలా ఎర్రగా ఉన్నాయి. మిరాన్‌కి నవ్వు వచ్చింది, కుట్లు లాగాయి, నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు ఆగలేదు. ఆ చల్లగాలి, ఆ కోటు, ఆ చీకటి, ముప్పై ఏళ్ళకి పైగా తను మోస్తున్న ఆ సాయంత్రాలన్నీ ఇంకొకరివి, ఎంతో సంతోషంగా గడిపిన ఇంకొక మనిషివి.

"ఇంకా చెప్పక్కా," అంది, గ్లాసు చేతిలోకి తీసుకుంటూ.

అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ముందు ఆ నీళ్ళు పూర్తిగా తాగు," అంది. "ఇంకా నేను మొదటి పేజీ దగ్గరికే రాలేదు."